దెయ్యం ఉందన్న చోట మన పిల్లలు ఏం చూశారు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి, విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి నన్ను పిలిచి, "సార్, జ్ఞాపకాలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, మీరు ఏదన్నా పనికొచ్చేది చెప్పండి" అన్నారు. జ్ఞాపకాలు పనికిరావని ఆయన ఉద్దేశం కాదులెండి. నాకిచ్చింది ఇరవై నిమిషాలు. అందుకని ఒకే విషయం ఎంచుకున్నాను. దెయ్యాల కోటలు, దెయ్యాల బంగళాలు, వాటిని వెతుక్కుంటూ పోయే పిల్లలు.

మనలో దెయ్యం కథ వినకుండా పెరిగినవాళ్ళు ఎవరూ లేరు. చందమామ 1947 జులైలో మొదలైంది. ఆ పుస్తకం చేతికి రాగానే ముందు బేతాళ కథ తిప్పి చదివిన తరాలు మనవి. చీకటి పడ్డాక చింతచెట్టు కిందికి పోవద్దనేవారు. కాలువ గట్టు మీద కొరివిదెయ్యం తిరుగుతుందనేవారు. 1990లలో ఇంటింటి తలుపు మీద సుద్దముక్కతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసిన రోజులు మీ అందరికీ గుర్తే. రాత్రిపూట ఆడదెయ్యం వచ్చి తలుపు కొడుతుందని, ఆ మాట చదివి వెనక్కి పోతుందని, మళ్ళీ రాత్రికి వచ్చి మళ్ళీ చదువుకుని పోతుందని నమ్మకం. కన్నడ దేశంలోనూ ఇదే మాట "నాళె బా" అని రాశారు. దెయ్యానికి రెండు భాషలూ చదవడం వచ్చన్నమాట! అక్షరాస్యతలో మనకంటే ముందుంది.

నవ్వుకున్నాం, బాగుంది. కానీ ఆ రోజుల్లో సాయంత్రం ట్యూషన్లకు ఆడపిల్లలను పంపడం మానేసిన ఇళ్ళు నేను చూశాను. ఊరికి కొత్తగా వచ్చిన ఒంటరి ఆడమనిషిని అనుమానంగా చూసిన వీధులు చూశాను. దెయ్యం కథ కథగా ఉన్నంతసేపు ముద్దే. అది ఒక మనిషి మీద పడినప్పుడే కష్టం. నేను చెప్పబోయేది అలాంటి కష్టం గురించే.

ముందు ఒక కథల పుస్తకం సంగతి. 1964లో అమెరికాలో రాబర్ట్ ఆర్థర్ అనే ఆయన పిల్లల కోసం "త్రీ ఇన్వెస్టిగేటర్స్" అనే వరుస మొదలుపెట్టాడు. అందులో మొదటి పుస్తకం ఒక దెయ్యాల కోట కథే. ముగ్గురు కుర్రాళ్ళు, జుపిటర్, పీట్, బాబ్, ఒక సినిమా దర్శకుడికి దెయ్యాలుండే ఇల్లు కావాలంటే వెతకడానికి బయలుదేరతారు. మూగ సినిమాల కాలపు నటుడొకడు కట్టుకున్న కోటలోకి పోతారు. గుమ్మం దాటగానే ఏదో తెలియని బెదురు, కాళ్ళు వెనక్కి లాగడం. ఆ బెదురు ఎక్కడిదని ఆరా తీస్తే, పాత ఆర్గాన్ వాయిద్యం నుంచి చెవికి వినపడని అతి మంద్రపు కంపనం వస్తోందని తేలుతుంది. ఇక భయపెట్టింది ఎవరంటే, చచ్చిపోయాడని లోకం అనుకున్న ఆ నటుడే. తన కోట ఎవరి చేతికీ పోకూడదని ఆయన తాపత్రయం. ఆ పుస్తకంలో నాకు నచ్చిన విషయం ఒక్కటే. పిల్లలు "దెయ్యం ఉందా లేదా" అని వాదించుకోరు. "ఈ భయం ఎక్కడి నుంచి వస్తోంది? దీనివల్ల ఎవరికి లాభం?" అని అడుగుతారు.

కథలోని ఆ వినపడని శబ్దం సంగతి తరువాత నిజం శాస్త్రంలోకీ వచ్చింది. ఇంగ్లండులో కోవెంట్రీ దగ్గర విక్ టాండీ అనే ఇంజనీరు పనిచేసే ప్రయోగశాలకు దెయ్యం ఉందని పేరు. ఒక రాత్రి ఆయనకే ఒళ్ళు చల్లబడి, కంటి చివర బూడిదరంగు ఆకారం కనపడింది. మర్నాడు పోటీ కోసం తెచ్చుకున్న కత్తిని పట్టుగొయ్యలో బిగిస్తే, ఎవరూ ముట్టుకోకుండానే దాని మొన వణుకుతోంది. వెతికితే కొత్తగా పెట్టిన గాలి బయటికి తోసే ఫ్యాన్ వల్ల సెకనుకు సుమారు 19 సార్లు ఊగే శబ్దతరంగం ఆ గదిలో నిలబడిపోయిందని తేలింది. ఫ్యాన్ అమరిక మార్చగానే అది పోయింది. 1998లో ఆ సంగతి వ్యాసంగా రాశాడు.

అక్కడితో ఆగితే సగం సైన్సే అవుతుంది. 2009లో లండన్ పరిశోధకులు ఒక ఉత్త గదిని దెయ్యాల గదిలా తయారుచేసి, అందులో ఇలాంటి శబ్దాలు, అయస్కాంత క్షేత్రాలు ఒకసారి పెట్టి, ఒకసారి తీసేసి మనుషులను కూర్చోబెట్టారు. చాలామందికి ఏవేవో అనిపించాయి. కానీ యంత్రాలు ఆడుతున్నాయా ఆగి ఉన్నాయా అన్నదానితో వాటికి పొంతన కుదరలేదు. "ఇక్కడ ఏదో అవుతుంది" అని ముందే చెప్పడమే పెద్ద కారణం కావచ్చని తేల్చారు. చూశారా, ఒకాయన కనిపెట్టినదాన్ని ఇంకొకరు పరీక్షకు పెట్టారు. సైన్సులో దెయ్యానికే కాదు, దెయ్యం లేదన్న కారణానికీ పరీక్ష తప్పదు.

ఇంకో కారణం వైద్యులకు బాగా తెలిసినది. 1921లో అమెరికాలో విల్మర్ అనే కంటి వైద్యుడు ఒక కుటుంబం సంగతి ప్రచురించాడు. పాత ఇంట్లో చేరినప్పటి నుంచి తలనొప్పులు, అడుగుల చప్పుడు, కనపడని మనుషులు. చివరికి చూస్తే ఇల్లు వెచ్చబెట్టే కొలిమి చెడిపోయి కార్బన్ మోనాక్సైడ్ గదుల్లోకి వస్తోంది. మన దగ్గర కొలిమి లేకపోవచ్చు. కానీ చలికాలం తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకునే ఇళ్ళు ఉన్నాయి. అక్కడ భూతవైద్యుడి కోసం పరుగెత్తేలోపు ప్రాణం పోతుంది. ముందు తలుపులు, కిటికీలు తెరవాలి.

మన తెలుగునాట ఈ పనికి దారి వేసినవాళ్ళున్నారు. గోరా గారు, అంటే గోపరాజు రామచంద్రరావు గారు, వృక్షశాస్త్రం అధ్యాపకులు. యువకుడిగా ఉన్నప్పుడు దెయ్యాలున్నాయని ఎవరూ చేరని ఇంట్లో తాను నివాసముండి చూశారు. తరువాత 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. కేరళలో పుట్టి సింహళంలో స్థిరపడ్డ అబ్రహాం కోవూరు గారు కూడా చిత్రంగా వృక్షశాస్త్రం చెప్పినవారే. ఇంటి మీద రాళ్ళు పడుతున్నాయి, పెట్టెలో బట్టలు కాలుతున్నాయి అన్న చోటికల్లా పోయి ఆయన విచారించేవారు. చాలా చోట్ల ఆయనకు దొరికింది ఆ ఇంట్లోనే మనసు నలిగిన ఒక మనిషి. ఆ మనిషిని పట్టించి అవమానించడం కాక, ఆ బాధకు మందు చూడటం ఆయన పద్ధతి. వీళ్ళ సిద్ధాంతాలు మనం ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. నేను పొద్దున్నే దీపం పెట్టుకునే మనిషిని. కానీ "పోయి చూడు, అడుగు, రాసుకో" అన్న వాళ్ళ పద్ధతికి దండం పెట్టాల్సిందే.

ఇప్పుడు మన పిల్లల సంగతి. నేను పదవీ విరమణ చేసే ముందు కొన్నేళ్ళ మాట. ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు, ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు, స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డారు. వాళ్ళ పల్లెలో, సముద్రం వైపు, పాడుబడిన బంగళా ఒకటి ఉంది. పిల్లల భాషలో అది కోట. పల్లె పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. మన తీరంలో ఇలాంటి కొంపలకు కొదవలేదు. 1989 నవంబరులో మన కావలి దగ్గరే తీరం దాటిన తుఫాను మీకు గుర్తుండే ఉంటుంది. గే అని పేరు పెట్టిన ఆ తుఫాను థాయిలాండు దగ్గర నుంచి వచ్చి మన మీద పడింది. పైకప్పులు పోయిన ఇళ్ళలో కొన్నింటికి మళ్ళీ కప్పు పడనే లేదు. మనుషులు వదిలేసిన ఇంటికి మొదట గబ్బిలాలు వస్తాయి, తరువాత కథలు వస్తాయి.

ఆ బంగళాలో రాత్రిళ్ళు ఆడమనిషి ఏడుస్తోందట. కిటికీలో తెల్లటి ముఖం కనపడుతోందట. ఇంతవరకైతే "పోండిరా, లెక్కలు చేసుకోండి" అనేవాణ్ణే. కానీ వాళ్ళలో ఒక అమ్మాయి ఇంకో మాట అన్నది: "సార్, ఆ బంగళా పక్కన ఒక అవ్వ ఉంది. పొద్దున్నే దోసెలు పోసి అమ్ముకుంటుంది. దెయ్యాన్ని ఆమే పిలిపిస్తోందని అందరూ అంటున్నారు. ఇప్పుడు ఆమె దగ్గర ఎవరూ దోసెలు కొనడం లేదు. మొన్న రాత్రి ఆమె ఇంటి మీద రాళ్ళు వేశారు."

ఆ మాటతో సంగతి మారిపోయింది. చేతబడి పేరుతో మన రాష్ట్రాల్లో మనుషులను కొట్టి చంపిన వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. అలాంటివి మొదలయ్యేది ఇట్లాగే, దోసెలు కొనడం మానేయడంతో.

దెయ్యం లేదని నిరూపించమని నేను పిల్లలకు చెప్పలేదు. ఏడుపు ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోమన్నాను. మూడు షరతులు పెట్టాను. ఒకటి, బంగళా లోపలికి అడుగు పెట్టకూడదు. గోడలు నానిపోయి ఉన్నాయి, పాములుంటాయి. రెండు, చీకటి పడితే ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరు వెంట ఉండాలి. మూడు, విన్నది విన్నట్టు నోటుపుస్తకంలో రాయాలి, సొంత కల్పన కూడదు.

వాళ్ళు పుస్తకంలో మూడు గడులు గీశారు. తాను చూసింది, ఇతరులు చెప్పగా విన్నది, ఏ రోజు ఏ వేళ. పద్నాలుగు మందిని అడిగారు. "దెయ్యం ఉంది" అన్న ఆ పద్నాలుగు మందిలో సొంత చెవులతో ఏడుపు విన్నవాళ్ళు ముగ్గురే. తెల్లముఖం స్వయంగా చూసినవాళ్ళు ఇద్దరు. మిగిలినవాళ్ళంతా "మా మామ చూశాడు", "మా పిన్ని చెప్పింది". ఆ ఒక్క పేజీ చూసి నాకు కలిగిన సంతోషం పదో తరగతి ఫలితాలు చూసినప్పుడు కూడా కలగలేదు. కోర్టులో వకీలు, ఆసుపత్రిలో డాక్టరు, స్టేషన్లో పోలీసు మొదట చేయాల్సింది అదే పని.

విన్న ముగ్గురూ చెప్పిన రోజులు కలిపి చూస్తే, అన్నీ వానలు పట్టి ఈశాన్యం గాలి గట్టిగా వీచే రోజులే. పిల్లలు సాయంత్రం గాలి లేచినప్పుడు ఒకరి నాన్నను వెంటబెట్టుకుని ప్రహరీ బయట నిలబడ్డారు. ఏడుపు వినపడింది. వాళ్ళకూ భయమేసింది, ఆ మాటా పుస్తకంలో రాశారు. చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో నాలుగు మూలలా నిలబడి గుర్తు పెట్టారు. నలుగురి గుర్తులూ ఒకచోట కలిశాయి. పెరటి గోడలోంచి పైకి లేచిన పాత ఇనుప గొట్టం, పైన మూత విరిగిపోయి ఉంది. సోడా బుడ్డి మూతి మీద ఊదితే కూత వస్తుంది కదా, అదే. గాలి పెరిగితే గొంతు పెరుగుతుంది, తగ్గితే వెక్కిళ్ళు.

అక్కడితో ఆగకపోవడమే వాళ్ళ గొప్ప. వెంట వచ్చిన ఆ తండ్రి పొడుగాటి వెదురు కర్రకు తడి గోనెపట్టా కట్టి గొట్టం మూతి మూయించాడు. ఏడుపు ఆగింది. తీశారు, మళ్ళీ వచ్చింది. మూడు రోజుల పాటు మూసి, తీసి రాసుకున్నారు. ఒక్కసారి ఆగితే గాలి తగ్గి ఆగిందేమో అనుకోవచ్చు. మూసిన ప్రతిసారీ ఆగి, తీసిన ప్రతిసారీ వస్తే ఇంక అనుమానం ఏముంటుంది?

తెల్లముఖం సంగతి ఒక ముసలి రైతు తేల్చాడు. పిల్లలు గీసిన బొమ్మ చూసి, "ఇది గూబ కదంటయ్యా" అన్నాడు. తెల్లటి గుండ్రటి ముఖం గుడ్లగూబ. ఎగిరేటప్పుడు రెక్కల చప్పుడు ఉండదు. అరుపు మాత్రం గుండెలదిరేలా కీచుమంటుంది. దాని పిల్లలు ఆకలేస్తే బుస కొట్టినట్టు చప్పుడు చేస్తాయి. పాడుబడ్డ ఇళ్ళు, గుడి గోపురాలు, బావి గట్లు దానికి కాపురాలు. వరి పండించే మన జిల్లాలో ఎలుకలను పట్టి తినే ఆ పక్షి కంటే రైతుకు మంచి చుట్టం లేదు. దాన్ని చూస్తే చావు కబురని రాళ్ళేస్తాం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దాన్ని పట్టుకోవడం, చంపడం నేరం.

ఇక అసలు పరీక్ష. ఈ సంగతి ఊరికి ఎట్లా చెప్పాలి? బడిలో చెబితే చప్పట్లు కొడతారు, అవ్వకు ఒరిగేదేమీ లేదు. ఆ అమ్మాయే ఉపాయం చెప్పింది. ఆదివారం పొద్దున్నే నలుగురూ పోయి అవ్వ దగ్గర కూర్చుని దోసెలు తిన్నారు. వచ్చిన పెద్దవాళ్ళకు అక్కడే నోటుపుస్తకం చూపించారు. ఎవరినీ మూఢులనలేదు. "మామా, మీరు విన్నది నిజమే. చప్పుడు ఉంది. ఎక్కడి నుంచో చూపిస్తాం రండి" అన్నారు. ఆ మాట తీరు వల్లే కొందరు లేచి వాళ్ళ వెంట పోయారు. విన్నవాణ్ణి అబద్ధాలకోరు అంటే ఎవడు వస్తాడు?

అందరూ మారారని చెప్పను. కొందరు "గొట్టంలో దూరింది కూడా దెయ్యమే" అన్నారు. కానీ రాళ్ళు ఆగాయి. నెల తిరిగేలోపు అవ్వ పొయ్యి దగ్గర మళ్ళీ మనుషులు కనపడ్డారు. ఆమె పిల్లలతో అన్న మాట ఇది: "గొట్టం కనిపెట్టారని కాదు నాయనా, మీరు నా పక్కన కూర్చుని తిన్నారు, అదీ."

పెద్దల దృష్టికి ఇంకో రెండు మాటలు తేవాలి.

మనకు నిజమైన కోట దగ్గరలోనే ఉంది. ఉదయగిరి. మన ఊరి పేరే ఆ కోట నుంచి వచ్చిందంటారు. ఉదయగిరి రాజుల కాలంలో ఇక్కడ కాపలా దళాలుండేవని, అందుకే కావలి అయిందని పెద్దలు చెబుతారు. సుమారు 3,079 అడుగుల కొండ. 13 కట్టడాల్లో ఎనిమిది కొండ మీద, ఐదు కింద. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, సుమారు ఏడాదిన్నర తరువాత గెలిచాడు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. రాయలనే అన్ని నెలలు నిలబెట్టిన కోటకు ఇవాళ పోటీ ఎవరితో? గుప్తనిధుల వాళ్ళతో. ఎక్కడ పాత కోట ఉందో అక్కడ "రాత్రిపూట పోవద్దు, లోపల ఏదో ఉంది" అనే కథ ఉంటుంది. ఆ కథను ఎక్కువగా కోరుకునేది గడ్డపార పట్టుకుని రాత్రిపూట వచ్చేవాడే. సాక్షులు రాకూడదు కదా! టెర్రర్ కోటలోని ఆ నటుడి తెలివే వీళ్ళదీ. దొరికిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. పగలగొట్టిన గోడను మాత్రం ఏ చట్టమూ మళ్ళీ పాతగా కట్టలేదు.

రాజస్థాన్‌లోని భాన్‌గఢ్ కోట దగ్గర పొద్దుగుంకాక లోపలికి పోరాదని పురావస్తు శాఖ బోర్డు ఉంది. దెయ్యాలున్నాయని ప్రభుత్వమే ఒప్పుకుందని ప్రచారం. రక్షిత కట్టడాలను సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే తెరిచి ఉంచడం మామూలు నిబంధన. గోల్కొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే దూరాన కొండ మీద బాలాహిస్సార్‌లో వినపడుతుంది. మనిషి కనపడకుండా చప్పుడు వినపడితే మనం దెయ్యం అంటాం, అది కట్టిన మేస్త్రీ అయితే "నా పనితనం" అంటాడు.

రెండో మాట జాగ్రత్త గురించి. కోటల్లో నన్ను భయపెట్టేవి దెయ్యాలు కావు. మూత లేని బావులు, వదులైన రాళ్ళు, పాములు. పాత బావుల్లో చెడుగాలి నిలిచి ఉంటుంది. దిగినవాడు పడిపోతే, వాడికోసం దిగినవాడూ పడిపోతాడు. ఊరు దాన్ని "బావి బలి కోరింది" అంటుంది. దీపం దింపి చూసే పద్ధతి మన పెద్దలకు తెలుసు. దీపం ఆరితే దిగకూడదు. ఆరకపోయినా పిల్లలు దిగకూడదు. కొన్ని విషవాయువుల్లో దీపం మామూలుగానే వెలుగుతుంది.

సంఘం యాభై ఏళ్ళ పండగ చేసుకుంటోంది కాబట్టి, ఒక పూర్వ విద్యార్థిగా నాకు మూడు కోరికలున్నాయి. ఏటా చలికాలంలో ఎనిమిదో తరగతి పిల్లలను ఒక రోజు ఉదయగిరికి తీసుకుపోయే బస్సు ఖర్చు సంఘం పెట్టుకోవాలి. వాళ్ళ వెంట నోటుపుస్తకం, కొలత టేపు ఉండాలి. రెండోది, ఆ నలుగురు రాసిన పుస్తకం లాంటివి బడి గ్రంథాలయంలో ఒక బీరువాలో పెట్టాలి. వాళ్ళది నా దగ్గర భద్రంగా ఉంది, ఇవాళ ప్రధానోపాధ్యాయుల వారికి అందజేస్తున్నాను. మూడోది, మీలో ఇంజనీర్లున్నారు, డాక్టర్లున్నారు, వకీళ్ళున్నారు, రైతులున్నారు. పిల్లలు ఒక ప్రశ్న రాసి పంపితే వారంలోపు జవాబు రాసే పదిమంది పేర్లు ఈ సాయంత్రమే నాకు కావాలి.

శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతను, ప్రశ్నించే తత్వాన్ని పెంచుకోవడం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చుకున్నాం. 51-ఎ అధికరణం, హెచ్ అనే అంశం. మానవత, ప్రశ్న, రెండూ ఒకే వాక్యంలో పెట్టారు చూడండి. దోసెలు తింటూ నోటుపుస్తకం చూపించిన ఆ పిల్లలు ఆ వాక్యం చదివి ఉండరు. అయినా దానికి అర్థం చెప్పారు.

భోజనాలకు ఆలస్యం అవుతోందని కార్యదర్శి సైగ చేస్తున్నారు.  పేర్లు రాయడానికి కాగితం బయట బల్ల మీద పెట్టాను. అన్నం తినే ముందే రాయండి. సెలవు.